అరుగు మీద పెట్టిన కత్తి

చిరంజీవి తమ్ముడు మస్తానయ్యకు,

ఆ పొద్దు నాన్న అరుగు మీది కత్తిని చూశాడా, చూడలేదా?

మంచీ చెడ్డా అడక్కముందే ఇదేం ప్రశ్న అనుకుంటున్నావేమో. ఏళ్ళ తరబడి మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను దీన్ని. అమ్మను ఎప్పుడూ అడగలేకపోయాను. నాన్నను అడిగాను గాని, ఆయన ఒక్కోసారి ఒక్కో మాట చెప్పాడు. జేబులో పెట్టుకునే మడత కత్తి పంపమని నువ్వు అడిగినప్పటి నుంచి ఆ ప్రశ్న మళ్ళీ లేచి కూర్చుంది. అందుకని ముందు దాన్ని దించేసుకున్నాను. ఇక పద్ధతిగా మొదలుపెడతాను.

నేనిక్కడ బాగానే ఉన్నాను. అమ్మ, నువ్వు, కామాక్షి, పిల్లలు అందరూ సుఖంగా ఉండాలని రోజూ అనుకుంటూ ఉంటాను. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నీ చీలమండ దగ్గరి పుండు పూర్తిగా మానిందా? నిన్నడిగితే "ఆఁ, అదెప్పుడో మానిపోయిందిలే అక్కా" అంటావు. కామాక్షినడిగితే, ఉప్పునీళ్ళు తగిలినప్పుడల్లా పళ్ళు బిగబట్టుకుంటావని చెప్పింది. ఎవరిది నమ్మను?

ఫోనుండగా ఈ ఉత్తరం ఏమిటంటావు. ఫోనులో నువ్వు నన్ను మాట పూర్తి చెయ్యనివ్వవు, తమ్ముడూ. ప్రతిదానికీ ఒక పరాచికం. తాడు నీ కాలికి చుట్టుకుని నిన్ను బోటు అంచు దాకా ఈడ్చుకుపోయిన సంగతి కూడా ఎలా చెప్పావు? "ఏం లేదక్కా, వల వదలతా ఉంటే తాడు కాళ్ళు పట్టుకోని బతిమలాడింది, నన్నూ తోడుకోని పొమ్మని." నేను కూడా నవ్వేశాను. ఫోను పెట్టేశాక గాని అది నవ్వే సంగతి కాదని తట్టలేదు. కాగితానికి పరాచికాలు తెలియవు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడి సంగతులు. స్కాట్లాండులో ఈ ఊరు కూడా చేపల రేవే అని నీకు చెప్పాను కదా. ఇప్పుడు సాయంత్రం నాలుక్కే చీకటి పడిపోతోంది. వాన పైనుంచి పడదు, పక్కనుంచి వచ్చి కొడుతుంది. గొడుగు తీసుకుపోయేవాళ్ళను చూసి ఇక్కడివాళ్ళు జాలిపడతారు. వృద్ధుల ఆశ్రమంలో పని అలవాటైంది. పెద్దవాళ్ళకు స్నానాలు చేయించడం, మందులివ్వడం, అన్నం తినిపించడం. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన చేతులకు ఇదేం పని అని మొదట్లో అనిపించేది. ఇప్పుడు అనిపించడం లేదా అంటే, అదీ సరిగ్గా చెప్పలేను. కానీ బాధపడొద్దు, బాగానే చూసుకుంటున్నారు. నిజంగానే.

తిండికి లోటు లేదు. కానాగంత చేపలు దొరుకుతాయి, మనవాటికంటే కాస్త కొవ్వెక్కువ. పులుసులోకి మామిడికాయ లేదు. పుల్లటి పచ్చ యాపిలు ముక్కలు వేసి చూశాను. అమ్మకు చెప్పొద్దు, చెబితే నన్ను పులుసు చేసే యోగ్యత లేనిదానిగా తీసేస్తుంది. తినడానికి బాగానే ఉంది. ఒక్కదాన్నే కూర్చుని తినడమే బాగాలేదు. నెల్లూరులో మీ బావా, మా చిన్నదీ కూడా ఇలాగే ఇద్దరే కూర్చుని తింటుంటారు. నీకు వీలున్నప్పుడు ఒక పూట పోయి కూర్చుని రా. చేపలు తీసుకుపో, లేకపోయినా పరవాలేదు, నువ్వు పోతే చాలు.

ఇక కత్తి సంగతి.

"అక్కా, మీ ఊళ్ళో కార్బన్ ఫైబర్ పిడి ఉండే మడత కత్తులు దొరకతాయంట. వీడియోలో చూసినా. జేబులో ఉందో లేదో కూడా తెలీనంత తేలికంట. అట్టాంటిదొకటి పంపించు. అది వచ్చినాకనే మళ్ళా బోటెక్కతా" అన్నావు. సరే, ఇదేం పెద్ద పని, అంగడికి పోయి కొనడమే కదా అనుకున్నాను. రెండో రోజుకే నాకు రెండు ఫోన్లు వచ్చాయి. ఇద్దరూ నీకు చెప్పొద్దన్నారు. నేను చెబుతున్నాను. ఒకరి మాట ఒకరికి దాచే ఓపిక ఇంత దూరం నుంచి నాకు లేదు.

మొదటిది అమ్మ. "సుజాతా, వాడికి కత్తీ గిత్తీ పంపించబాక మే. అది వచ్చిందాకా బోటెక్కనని వాడే గదా అన్నింది. రాకపోతే ఎక్కడు గదా! హార్బర్లో ఐసు గడ్డలు మోసుకుంటా ఉండాడు, ఉండనీ. దొరకలేదని చెప్పు. నువ్వు చదువుకున్నదానివి, నీ మాట నమ్మతాడు."

రెండోది కామాక్షి. "వదినా, మీ తమ్ముడి సంగతి మీకు తెల్దా? కత్తి వస్తే కత్తితో పోతాడు, రాకపోతే ఉత్త చేతుల్తో పోతాడు. నాలుగు దినాలు ఓపిక పడతాడు. ఐదో దినం పోలయ్య మామ వచ్చి రారా అంటే చొక్కా కూడా ఏసుకోకుండా లేచిపోతాడు. ఆ దినాన జేబులో ఏదో ఒకటి ఉండనీండి వదినా. మీకు పున్నెం ఉంటది."

చూడు మరి. అమ్మ మాటలో తప్పుందా? కామాక్షి మాటలో ఉందా? ఇద్దరూ నీ ప్రాణం గురించే అడుగుతున్నారు, ఒకరు పంపొద్దని, ఒకరు పంపమని. ఆ వారమంతా పొద్దున పంపకూడదనుకునేదాన్ని, సాయంత్రానికి పంపాలనుకునేదాన్ని.

చివరికి, చూడ్డానికేం పోయింది అని రేవు దగ్గరి అంగడికి పోయాను. తాళ్ళు, రబ్బరు బూట్లు, పసుప్పచ్చ కోట్లు అమ్మే అంగడి అది. దాన్ని నడిపే ఆవిడ నా వయసే ఉంటుంది. నువ్వు చెప్పిన కత్తి చూపించింది. పిడి నల్లగా నిగనిగలాడుతోంది. నల్లటి చాపను సన్నగా అల్లి పైన వార్నిష్ పూసినట్టుంది. చేతిలో పెడితే నిజంగానే బరువు లేదు, నిమ్మకాయే ఎక్కువ తూగుతుంది. బొటనవేలితో తోస్తే బ్లేడు తెరుచుకుంది, టక్కుమని లాకు పడింది. ఇక అది దానంతట అది మడుచుకుని వేళ్ళ మీద పడదట. వేళ్ళు అనగానే నాకు నాన్న చెయ్యి గుర్తొచ్చింది. ఆవిడకేం తెలుసు, తన మానాన తాను చెప్పుకుపోతోంది.

"ఎవరికి?" అని అడిగింది. తమ్ముడికి, సముద్రం మీద పనికి అన్నాను. అప్పుడు లోపలి నుంచి ఇంకోటి తెచ్చి పక్కన పెట్టింది. నారింజ రంగు ప్లాస్టిక్ పిడి, రంపం పళ్ళ బ్లేడు, మొన మొద్దుగా ఉంది, బరువు కూడా. ఇక్కడి బోట్లవాళ్ళు ఎక్కువగా ఇదే తీసుకుంటారట. కింద పడితే కనబడుతుంది, బోటు ఊగినప్పుడు పొరపాటున పక్కవాడికి గుచ్చుకోదు. "మరి నల్లది?" అంటే, "అదీ మంచిదే, మా ఆయన దగ్గర అదే ఉంది" అంది. "అయితే ఏది తీసుకోమంటావు?" అంటే భుజాలెగరేసింది. ఒకటి తుప్పు పట్టదు గాని తొందరగా మొద్దుబారుతుందట. ఇంకోటి మొద్దుబారదు గాని రోజూ తుడిచి నూనె రాయకపోతే తుప్పు పడుతుందట. ఏ సుగుణం అడిగినా దానికొక తోక ఉంది.

ఆరోజు ఏమీ కొనకుండా వచ్చేశాను. మర్నాడు నీకు ఫోను చేసి కార్బన్ ఫైబర్ అంటే ఏమిటో, గట్టిగా దెబ్బ తగిలితే ఏమవుతుందో చెప్పబోతే ఏమన్నావు? "మన బోటూ ఫైబరే గదక్కా! పగిలితే గుడ్డ అంటించి రెజిను పూసుకుంటాం. దానికి పాఠం ఎందుకు?" అని నవ్వావు. ఆ వెనకాల అమ్మ గొంతు వినబడింది, "దొరకలేదని చెప్పిందా?" అని.

మా ఆశ్రమంలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు బోటు మీద పనిచేసినవాడే. రోజూ పొద్దున నేను చొక్కా తొడుగుతుంటే కుడి జేబు తడుముకుంటాడు. కత్తి కోసం. ఇక్కడికి వచ్చేటప్పుడే ఇంటివాళ్ళు అది తీసేసుకున్నారు. మేము జేబులో దువ్వెన పెడతాం. దాన్ని తడిమి, తీసి చూసి, మళ్ళీ పెట్టుకుంటాడు. ఒకరోజు అడిగాను, జేబు కత్తి తేలిగ్గా ఉంటే మంచిదా, బరువుగా ఉంటే మంచిదా అని. "బరువుండాలి. ఉందని తెలుస్తుండాలి" అన్నాడు. నాకు దారి దొరికినట్టయింది. రెండ్రోజులు పోయాక మళ్ళీ అడిగితే, "బరువైతే కోటులోనే వదిలేస్తావు, తేలికదే నీతో వస్తుంది" అన్నాడు. రెండుసార్లూ అంతే నమ్మకంగా చెప్పాడు.

కానీ ఆ మొదటి మాట నన్ను వదల్లేదు. ఉందని తెలుస్తుండాలి. నువ్వేమో ఉందో లేదో తెలియనిది కావాలంటున్నావు. అక్కడే నాన్న వచ్చి నిలబడ్డాడు.

నీకప్పుడు నాలుగేళ్ళు కూడా లేవు, గుర్తుండదు. నాన్న కత్తి మడత కత్తి కాదు, తోలు ఒరలో ఉండే లావుపాటి కత్తి. సముద్రం నుంచి రాగానే దాన్ని అమ్మకిచ్చేసేవాడు. ఇచ్చేవాడంటే చేతికి కాదు, అరుగు మీద పెట్టేవాడు. అమ్మ దాన్ని మంచినీళ్ళతో కడిగి, తుడిచి, నువ్వులనూనె రాసి దాచేది. తెల్లవారుజామున నాన్న బయల్దేరేటప్పుడు తెచ్చి మళ్ళీ అరుగు మీద పెట్టేది. చేతికిస్తే మనుషుల మధ్య తగువులొస్తాయని. ఇప్పటికీ కూరగాయల కత్తి కూడా కామాక్షి చేతికివ్వదు కదా! అమ్మ పెట్టి నిలబడేది, నాన్న వంగి తీసుకుని మొలతాడుకు కట్టుకునేవాడు. అప్పుడు గాని అమ్మ లోపలికి పోయేది కాదు. ఒక్కరోజు కూడా అది తప్పినట్టు నాకు గుర్తులేదు, ఆ పొద్దు తప్ప.

ఆ పొద్దు పోట్లాడుకున్నారు. "గాలి తిరిగింది, పోబాక" అంది అమ్మ. "గాలి నేను చూసుకుంటాలే, నువ్వు పొయ్యి చూసుకో" అన్నాడు నాన్న. అమ్మ కత్తి తెచ్చి అరుగు మీద ఠక్కున పెట్టి, నిలబడకుండా లోపలికి పోయింది. నేను గుమ్మంలో జడ వేసుకుంటున్నాను. నాన్న అరుగు దిగాడు. దిగి ఆగాడు. ఎందుకు ఆగాడో, దేన్ని చూస్తూ ఆగాడో నాకు తెలియదు. ఆయన వీపు మాత్రమే కనిపించింది నాకు. ఇంతలో అమ్మ పిలిస్తే లోపలికి పోయాను.

బడి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు జనం. నాన్నను నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయారు. తాడు ఉచ్చు చేతికి పడిందట, కొయ్యడానికి అందుబాటులో ఏమీ లేదట. కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. కత్తి అరుగు మీద, అమ్మ పెట్టిన చోటే ఉంది. ఆ తర్వాత ఆయన బోటెక్కలేదు, ఐసు ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గానే ఉండిపోయాడు. మిగిలిన మూడు వేళ్ళతో అన్నం కలుపుకుంటుంటే పులుసు మోచేతి దాకా కారడం నీకూ గుర్తుంటుంది.

పెద్దయ్యాక అడిగాను, ఆ పొద్దు కత్తిని చూశావా నాన్నా అని. ఒకసారి, "చూళ్ళా మే, గాలి చూస్తా ఉన్నా" అన్నాడు. ఇంకోసారి, నేను కాలేజీలో చేరిన ఏడు, "చూసినా. మీ యమ్మ వచ్చి తీసుకోమంటదేమోనని నిలబడినా. రాలా" అన్నాడు. ఆస్పత్రిలో ఉన్న చివరి రోజుల్లో మళ్ళీ అడిగితే, "కత్తి ఉంటే మాత్రం మిగిలేవా వేళ్ళు? పోనీలే మే" అని అటు తిరిగి పడుకున్నాడు. ఈ మూడింట్లో ఏది నిజం?

చూడలేదన్నదే నిజమనుకో. అంత బరువైన కత్తి మొలకు లేకపోతే నడుస్తుంటే తెలియదా? రేవు దాకా పోయాడు, బోటెక్కాడు, వల వదిలాడు. తెలిసే ఉండాలి. తెలిసీ వెనక్కు రాలేదంటే, పోట్లాటలో ఓడిపోయినట్టవుతుందని వంగి తీసుకోలేదన్నమాట. ఇలా అనుకుంటే అమ్మ మీదా నాన్న మీదా ఇద్దరి మీదా కోపమొస్తుంది. మళ్ళీ అనిపిస్తుంది, ఆ కత్తి నిజంగా అంత బరువుండేదా, లేక నేను చిన్నపిల్లను గనక నాకు బరువనిపించిందా? ఒక పని చెయ్యి. అది ఇంకా అమ్మ ట్రంకు పెట్టెలో ఉండాలి. హార్బర్లో రొయ్యలు తూచే కాటా మీద దాన్ని ఒకసారి పెట్టి ఎంతుందో చెప్పు. ఎందుకని అమ్మ అడిగితే, అక్కకు పిచ్చి పట్టిందని చెప్పు, నమ్ముతుంది.

ఇంకో సంగతి నిన్నా మొన్నే తట్టింది. ఆ పొద్దు పోవద్దని పోట్లాడింది అమ్మే. అయినా కత్తి తెచ్చి పెట్టింది. కత్తి దాచేస్తే నాన్న ఆగుతాడేమోనని అమ్మ అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు నీ విషయంలో అనుకుంటోంది. అప్పటి అమ్మ తెలివైందా, ఇప్పటి అమ్మా? ఆ పొద్దు కత్తి బయట పెట్టినందుకే నాన్న ధైర్యంగా పోయాడని ఇన్నేళ్ళూ తనను తాను తిట్టుకుంటోందా? ఆ కత్తిని తీసుకోనే లేదు కదా నాన్న! నాకేమీ అర్థం కావడం లేదు, తమ్ముడూ.

చివరికి పోయిన శనివారం అంగడికి పోయి నల్లదే కొన్నాను. నువ్వడిగింది అది గనక. నారింజ రంగుది చేతిలో పట్టుకుని కూడా నల్లదానికే డబ్బులిచ్చాను. లాకు ఉన్న కత్తిని ఇక్కడ ఊరికే జేబులో వేసుకుని తిరిగితే పోలీసులు అడుగుతారట. డబ్బా విప్పకుండా తిన్నగా ఇంటికి పొమ్మంది ఆవిడ. బస్సులో దొంగసొత్తు తెచ్చుకుంటున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చాక మనసొప్పక, పిడి చివర రంధ్రంలో నారింజ రంగు తాడు కట్టాను, మూరెడు. పడితే కనబడుతుందని ఒకటి. రెండో కొస నీ మొలతాడుకు ముడివేసుకుంటే, కత్తికి బరువు లేకపోయినా తాడు గుంజుతూ ఉంటుందని ఇంకొకటి. గుంజకపోతే లేదని తెలుసుకో. తాళ్ళతో వచ్చిన ఆపదకు ఇంకో తాడు పంపుతున్నానా అని కూడా అనిపించింది. విప్పేశాను. మళ్ళీ కట్టాను.

ఈ ఉత్తరం, కత్తి మా రూతు తెస్తోంది. బుచ్చిరెడ్డిపాలెం అమ్మాయి, నాతోపాటే పని చేస్తుంది, క్రిస్మసుకు ఇంటికి వస్తోంది. పెట్టెలో అడుగున పెట్టి తీసుకొస్తానంది. నిన్న డబ్బా చేతికివ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"అక్కా, నేను ప్రార్థన చేసుకునేదాన్ని, ఇట్టాంటివి నమ్మను."

"నమ్మకపోతే తీసుకో మరి."

"నమ్మన్లే. అయినా ఆ బల్ల మీద పెట్టండి. మనకూ మనకూ తగువెందుకు?"

బల్ల మీద పెట్టాను. తీసుకుంది. ఇద్దరం నవ్వుకున్నాం. మన ఊరికి తనే వస్తానంది, వాళ్ళ చిన్నాయన ఇల్లు మనకు దగ్గర్లో కావలిలోనే. వస్తే చేపల పులుసు పెట్టకుండా పంపొద్దని కామాక్షికి చెప్పు. తిరిగి వచ్చేటప్పుడు ఎండు నెత్తళ్ళు, అమ్మ పెట్టిన చింతకాయ పచ్చడి ఆమెతో పంపించండి, గట్టిగా మూతపెట్టి. నాకింకేం వద్దు.

అమ్మ పాదాలకు నా దణ్ణాలు చెప్పు. నీమీద కోపం తెచ్చుకోవద్దని చెప్పు, నామీద తెచ్చుకున్నా పరవాలేదు. దొరకలేదని అబద్ధం చెప్పలేకపోయాను. పోలయ్య మామకు నమస్కారాలు. ఆ రోజు ఐసు పెట్టె కింద ఎక్కడో ఉన్న కత్తిని వెతికి తీసి నీ కాలి తాడు కోసినవాడు ఆయనే కదా. ఆయన్ను తలుచుకోని రోజు లేదని చెప్పు. కామాక్షికి, పిల్లలకు నా దీవెనలు. అమ్మ దీవెన నాకూ కావాలి, అడిగి పెట్టించు.

రూతుకు చెప్పాను, కత్తి నీ చేతికివ్వొద్దని. అరుగు మీద పెడుతుంది. నువ్వు వంగి తీసుకుంటే బోటెక్కుతావు. తీసుకోకపోతే, అమ్మ కోరుకున్నట్టు హార్బర్లోనే ఉండిపోతావేమో. లేదంటే నాన్నలాగా దాన్ని అక్కడే వదిలేసి పోతావు. ఆ చివరిది మాత్రం వద్దు, నా మీద ఒట్టు. మిగిలిన రెండింట్లో నువ్వేది చెయ్యాలని నేను కోరుకుంటున్నానో ఈ ఉత్తరం రాస్తూ రాస్తూ తేల్చుకుందామనుకున్నాను. తేలలేదు.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క
సుజాత